బొంతకు ఆరు రంగులు

పెదవేగిలో ఒక పెద్దావిడ ఉండేది. బొంతలు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. పాత వాయిలు చీరలు నాలుగైదు మడతలు పరిచి, పైన ముక్కలు అతికి, ఒక అంచున మొదలుపెట్టి వరస తర్వాత వరసగా సూది దూసుకుంటూ ఆ చివరికి తేలేది. ఊళ్ళో పురుడు వచ్చిన ప్రతి ఇంటికీ ఆవిడ బొంత వెళ్ళేది. డబ్బు పుచ్చుకునేది కాదు. బిడ్డను పొత్తిళ్ళలో ఓసారి చూపిస్తే చాలనేది.

వయసు మీదపడింది. రెండు కళ్ళకీ శుక్లాలు వచ్చాయి. ఆపరేషనంటే, ఈ పంట చేతికి రానీ, ఆ పండగ వెళ్ళనీ అంటూ దాటవేస్తోంది. ఇంతలో మనవరాలు పురిటికి రాబోతోందని కబురు. ఇంట్లో కోడళ్ళు ఇద్దరు. బొంత నేను కుడతానంటే నేను కుడతానన్నారు. ఇద్దరికీ సూది పట్టడం తెలుసు, ఇద్దరికీ పట్టుదల ఎక్కువే.

పెద్దావిడ అరుగు మీద కూర్చుని చెప్పింది. "పూల గుడ్డ మీద కుట్టు వంకర పోతే పువ్వు దాచేస్తుంది. రంగులు కుదరకపోయినా, పువ్వులో నాలుగు రంగులుంటాయి కాబట్టి ఏదో ఒకటి పక్క ముక్కతో కలుస్తుంది. అందుకని ఈసారి పువ్వు వద్దు. గళ్ళు వద్దు, చార వద్దు, అంచు వద్దు. వట్టి ప్లెయిన్ గుడ్డ. ఆరు రంగులు తెచ్చుకోండి. ఎవరి ఆరు రంగులు ఈ అరుగు మీద నిలబడితే వాళ్ళు కుట్టండి."

పెద్దకోడలు మర్నాడే బస్సెక్కింది. పెదవేగికి ఏలూరు సుమారు 12 కిలోమీటర్లు. అక్కడ మ్యాచింగ్ సెంటర్‌లో కూర్చుంటే ప్లెయిన్ గుడ్డకు లోటేముంది? టూ బై టూ, పాప్లిన్, రూబియా, గోడ కింద నుంచి పైకప్పు దాకా తానులే. రాణీ కలరు అంటే కుర్రాడు ఏడెనిమిది రాణీలు తీసి బల్ల మీద పరిచాడు. వాటిలో అన్నిటికన్నా నిగ్గుగా ఉన్నది ఏరుకుంది. అలాగే చిలకపచ్చ, కనకాంబరం, నెమలికంఠం, రామా గ్రీన్, పండుమిరప ఎరుపు, ఒక్కో రంగులో మేలైనది చూసి కోయించింది. లేత పసుపు చేతికి తగిలింది గానీ, ఈ ఆరింటి పక్కన వెలవెలపోతోందని తీసి పక్కన పెట్టింది. తెలుపు సంగతి తలపులోకే రాలేదు. పసిపిల్ల బొంత, మాసిపోదూ!

చిన్నకోడలు బజారుకు వెళ్ళలేదు. ప్లెయిన్ గుడ్డ ఇంట్లో లేకనా? పేరంటాల్లో, గృహప్రవేశాల్లో తాంబూలంతో పెట్టిన జాకెట్టు ముక్కలు బీరువా అడుగున దొంతరగా పడి ఉన్నాయి. ఒక్కోటీ తీసి పెరట్లోకి పట్టుకెళ్ళి, ఊరి రంగులతో పోల్చి చూసుకుంది. మెట్ట చేల ఎర్రమట్టికి ఇటుక రంగు. పామాయిల్ తోటలో వాడిన ఆకులకు మెంతి రంగు. వేంగి నాటి దిబ్బల మీద వానాకాలంలో పట్టే నాచుకు పాచి రంగు. కొల్లేటి నీళ్ళకు బూడిద నీలం, గూడబాతు మెడ కింది ఈకల ఛాయకు ఉల్లిపొర రంగు, కోకో గింజ ఎండేటప్పటి రంగుకు కాఫీపాల రంగు. పుట్టబోయే బిడ్డను ఊరి రంగుల్లో పడుకోబెట్టాలన్న ఆలోచన అందమైనదే. దాన్ని తక్కువ చేసి చెప్పను.

ఇద్దరూ జానెడేసి చదరాలు కత్తిరించి అరుగు మీద చెరో పక్కా పరిచారు. చూడటానికి ఇరుగుపొరుగు వచ్చారు. పెద్దకోడలి పక్క చూసినవాళ్ళు "అబ్బో" అన్నారు గానీ, కాసేపటికే చూపు తిప్పుకున్నారు. ఆరు రంగులూ ఒకేసారి పిలుస్తుంటే కన్ను ఎక్కడా నిలవడం లేదు. చిన్నకోడలి పక్క చూసినవాళ్ళు "బాగానే ఉంది" అని ఊరుకున్నారు. అంతకు మించి అనడానికి అక్కడేమీ దొరకలేదు.

పెద్దావిడ ముందుకు వంగి, అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఇటు పక్క ఒక గుడ్డ పరిచారు. అటు పక్క ఇంకో గుడ్డ పరిచారు. ముక్కలేవీ?" అంది.

కోడళ్ళు మొహాలు చూసుకున్నారు. "అత్తయ్యగారూ, మీ కళ్ళు..." అని పెద్దకోడలు మొదలుపెట్టి ఆగిపోయింది.

"నా కళ్ళే అమ్మాయ్. శుక్లం పట్టాక నాకు రంగులు పోయాయి. నీలానికీ నలుపుకీ తేడా తెలీదు. తెలుపు ఎండుగడ్డి రంగులో ఉంటుంది. కానీ లేత ఏదో ముదురు ఏదో తెలుస్తుంది. నీ ఆరూ ఒకే ముదురు, దాని ఆరూ ఒకే లేత. రేపు పుట్టే పిల్లకైనా మొదట కనపడేది అదే కదా, వెలుగూ చీకటీ."

ఆ మాట నిజం. అప్పుడే పుట్టిన బిడ్డకు రంగుల తేడా సరిగా తెలియదు. వెలుతురు, చీకటి ఒకదానికొకటి తగిలే చోటికే చూపు పోతుంది.

పొద్దు వాలేదాకా ముక్కలు తీయవద్దంది. దీపం పెట్టొద్దంది. మసక పడుతుండగా మళ్ళీ చూడమంది. అప్పుడు కోడళ్ళకూ కనిపించింది. పండుమిరప ఎరుపు, ఏలూరు దీపాల కింద అంత మండినది, ముందుగా నల్లబడిపోయింది. నెమలికంఠం ఇంకాసేపు నిలిచింది. మిగిలినవన్నీ బూడిదలో కలిసినట్టు ఒకే ఛాయకు దిగాయి. చిన్నకోడలి వైపు ఇటుక రంగు ఒక్కటే కాస్త విడిగా తెలిసింది. మట్టి, ఆకు, నీరు, ఈక అన్నీ ఏకమైపోయాయి.

"రంగులు మంచివే. పక్కపక్కన పెట్టినప్పుడు ఒకదాన్ని ఒకటి చూపించడం లేదు. మీకు లేనివి రెండు. బాగా లేతదీ, బాగా ముదురుదీ. నా బీరువా తియ్యండి" అంది.

బీరువాలో, పోయిన మావగారి పంచె దొరికింది. ఉతికి ఉతికి వెన్నలా అయిపోయిన తెలుపు. మడతల కింద ఆవిడ పాప్లిన్ లంగా ఒకటి. "ఆ నల్లది తీసుకోండి."

"పసిబిడ్డకు నలుపా అత్తయ్యగారూ?" అంది చిన్నకోడలు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే అది నలుపు కాదు, ముదురు నీలం. ఆ సంగతి చెబితే పెద్దావిడ, "నాకేం తెలుసు తల్లీ, ముదురైతే చాలు" అంది.

ఇక మిగిలినవి నాలుగు. పన్నెండులోంచి నాలుగు ఏరడమంటే ఎనిమిది వదులుకోవడం. అది కష్టమైన పని. పండుమిరప ఎరుపు మాత్రం తానే తప్పుకుంది. కొస తడిపి తెల్లగుడ్డ మీద రుద్దితే ముద్ర వేసింది. ఉప్పునీళ్ళలో నానబెడితే ఆగుతుందని పెద్దకోడలు పట్టుబట్టింది. రాత్రంతా నానబెట్టి మళ్ళీ రుద్దినా అదే ముద్ర. అద్దకం తొట్టిలో రంగు నూలుకు పట్టడానికి ఉప్పు సాయం చేస్తుంది గానీ, పట్టీ పట్టని రంగును ఇంట్లో ఉప్పు ఆపలేదు. పంచె తెలుపు పక్కన దాన్ని ఉంచితే మొదటి ఉతుకుకే అంతా గులాబీ అయ్యేది.

రామా గ్రీన్‌తో ఇంకో చిక్కు వచ్చింది. పరిచిన ముక్కల్లో సగం పచ్చగా, సగం నీలంగా కనిపిస్తున్నాయి. పెద్దావిడ గుడ్డ వేళ్ళతో విడదీసి పోగు లాగమంది. పడుగు ఆకుపచ్చ, పేక నీలం. షాట్ కలరు. ప్లెయిన్ అనుకున్నది నిజానికి రెండు రంగుల గుడ్డ. ముక్కలన్నీ పడుగు ఒకే వైపు ఉండేలా తిప్పి పెట్టాక అది ఒక రంగైంది. దాన్ని ఉంచారు. చిన్నకోడలివి ఇటుక రంగు, ఉల్లిపొర రంగు నిలిచాయి.

మిగిలింది రాణీ. పెద్దకోడలు ప్రాణం పెట్టి తెచ్చుకున్న రంగు. జానెడు చదరాలుగా వేస్తే ఉల్లిపొర పాలిపోయింది, ఇటుక మురికిగా కనపడింది. తీసేద్దామని చిన్నకోడలు నోటితో అనలేదు గానీ ఆ చూపులో ఉంది. పెద్దకోడలు తానే ముక్కలు ఎత్తి మడత పెట్టబోయింది.

"ఎందుకు తీస్తావు? దాన్ని చిన్నది చెయ్యి" అంది అత్తగారు. "బొటనవేలు పట్టేంత. అదీ అన్ని చోట్లా కాదు. తెలుపుకూ ముదురుకూ మధ్యన వెయ్యి."

జానెడు ముక్క రెండంగుళాల ముక్క అయ్యింది. కత్తెర వేస్తున్నప్పుడు పెద్దకోడలి మొహం ముడుచుకునే ఉంది. పరిచాక లేచి నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. అరుగు మీద అన్నిటికన్నా ముందు కనపడుతున్నవి ఆ చిన్న ముక్కలే. ఇటుక మళ్ళీ ఇటుకైంది. ఉల్లిపొరకు లేతదనం తిరిగొచ్చింది.

తర్వాత గంజి పోయేదాకా ముక్కలన్నీ ఉతికి ఆరేశారు. లోపలికి పాత వాయిలు చీరలు పెట్టి, కచ్చా కుట్టు వేసుకుని ఇద్దరూ చెరో కొస నుంచి మొదలుపెట్టారు. ప్లెయిన్ గుడ్డ మీద ప్రతి పోటూ కనపడుతుంది. చిన్నకోడలు మూడు వరసలు విప్పి మళ్ళీ కుట్టింది. పెద్దకోడలిది బిగువు చెయ్యి, గుడ్డ ముడుచుకుపోతుంటే పోగు వదలడం నేర్చుకుంది. పురుడు వచ్చేనాటికి బొంత సిద్ధమైంది.

బారసాల అయ్యాక పెద్దావిడ ఆపరేషను చేయించుకుంది. కట్టు విప్పాక ఇంటికొచ్చి మునిమనవరాలిని, కింద బొంతనూ చూసింది. శుక్లం తీసేసిన కంటికి నీలాలు కొత్తగా కనిపిస్తాయి. "ఈ నీలం ఎవరు తెచ్చారు?" అని అడిగింది. ఆవిడదే అన్నారు. ఆ తర్వాత రాణీ ముక్కల మీద వేలు పెట్టి, "ఇది?" అంది. "అక్క తెచ్చింది అత్తయ్యగారూ," అని చిన్నకోడలే ముందు చెప్పింది.

నీతి

రంగును ఒంటరిగా ఎంచుకోకూడదు. అది మంచిదా కాదా అన్న ప్రశ్న కన్నా, పక్కన ఉన్నదాన్ని ఏం చేస్తుంది, ఎంత మేర ఉండాలి అన్న ప్రశ్నలు పెద్దవి. మనుషులను ఒక చోట కూర్చేటప్పుడూ అంతే.

ఈ నీతి ఊహలోంచి పుట్టింది కాదు. 1824లో పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకం విభాగానికి షెవ్రూల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అధిపతిగా వచ్చాడు. అక్కడి నల్ల ఉన్ని నల్లగా ఉండటం లేదని ఫిర్యాదు. ఇతర చోట్ల అద్దిన నలుపుతో పోల్చి చూశాడు. ఉన్నిలో లోపం లేదు, రంగులో లోపం లేదు. ఆ నలుపును నీలం, ఊదా పోగుల పక్కన నేస్తున్నారు, అందుకే వెలిసినట్టు కనపడుతోంది. అద్దకం తొట్టిలో వెతికిన తప్పు మగ్గం మీద పొరుగు పోగులో దొరికింది. ఈ పొరుగు రంగుల లెక్క మీద ఆయన 1839లో పెద్ద గ్రంథం అచ్చు వేశాడు. చిత్రకారులు దాన్ని చదివి రంగులు వేసే పద్ధతే మార్చుకున్నారు.

అంత దూరం వెళ్ళకపోయినా ఏలూరులో తివాచీ మగ్గం దగ్గర నిలబడితే ఇదే అర్థమవుతుంది. పర్షియా నుంచి వచ్చిన పనివాళ్ళు ఈ విద్య తెచ్చారని ఏలూరులో చెప్పుకుంటారు. ఆ ఉన్ని తివాచీలో ఒక్కో ముడీ ఒక్క రంగే. పువ్వు అనేది ముడిలో ఉండదు, ముడి పక్కన ముడి వేయడంలో ఉంటుంది. కొల్లేరు దాటి బందరు వైపు వెళితే, చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుపనీళ్ళతో వచ్చే నలుపు, అడుగున గుడ్డ తెలుపు. పాత కలంకారీ పనివాడి చేతిలో ముఖ్యంగా ఉన్నవి అవే. తక్కువ ఉండటం వల్ల ఆయనకొక మేలు జరిగింది. లేతా ముదురూ వాటిలోనే ఉన్నాయి, విడిగా వెతుక్కోనక్కర్లేదు. మ్యాచింగ్ సెంటర్‌లో వందల ఛాయలు దొరికే మనకు ఆ రక్షణ లేదు. వందలో ఆరు నచ్చినవి ఏరితే, నచ్చడం అనే ఒకే కారణంతో ఏరాం కాబట్టి ఆరూ ఒకలాంటివే వస్తాయి. పెద్దకోడలికి ఎదురైంది అదే. చిన్నకోడలికీ అదే, మరో దారిన.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు పొలం పనికి తొడిగి అరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలు విప్పదీసి బొంతలు కుట్టారు. చలికి కప్పుకోవడానికే కుట్టారు. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో వాటిని గోడలకు వేలాడదీసినప్పుడు జనం విస్తుపోయారు. మోకాళ్ళ దగ్గర వెలిసిన నీలం, జేబు ఊడదీసిన చోట మిగిలిన ముదురు నీలం. ఒకే గుడ్డలోని ఆ రెండు ఛాయల తేడాతోనే వాళ్ళు కొన్ని బొంతలను నిలబెట్టారు. కొత్త రంగు కొనుక్కునే స్తోమత లేనివాళ్ళు ఉన్న రంగును ఎంత శ్రద్ధగా చూశారో వాటిలో తెలుస్తుంది.

నీతికథల్ని, ముఖ్యంగా కోడళ్ళున్న కథల్ని, మన ఇళ్ళలో ఒక పనికి వాడుకుంటారు. నువ్వు తగ్గు, సర్దుకుపో, ఇల్లు బాగుంటుంది అని చెప్పడానికి. ఈ కథను అలా చదవవద్దని గట్టిగా చెప్పదలిచాను. రాణీ కలరును వెలిసిపోయేదాకా ఉతకమని ఎవరూ అనలేదు. దాని నిగ్గు పోలేదు, దాని చోటు మారింది. తెల్ల పంచె త్యాగం చేయలేదు. బొంతలో ఎక్కువ భాగం అదే, ఎక్కువ పనీ దానిదే. తగ్గమని చెప్పేవాళ్ళు సాధారణంగా తగ్గించేది చోటును కాదు, రంగును. గట్టిగా మాట్లాడే పిల్లను మెత్తగా మాట్లాడమంటారు. ఆ పిల్ల మాట పదునుగా వినపడే చోటు చూపించడం వేరే పని, పెద్దలు చేయవలసిన పని.

ఊరి సంఘంలోనో, బడి నడిపే కమిటీలోనో, నీటి సంఘంలోనో మనుషులను ఎంచేటప్పుడు మనం పెద్దకోడలిలాగే చేస్తాం. అందరిలోకీ చురుకైనవాళ్ళు, పేరున్నవాళ్ళు, మాటకారులు. ఆరుగురూ గట్టివాళ్ళే, ఆరుగురూ ఒకేసారి మాట్లాడతారు. లేదంటే చిన్నకోడలిలా, ఒకరితో ఒకరు తేడా పడని మంచివాళ్ళను ఏరుతాం. మీటింగు ప్రశాంతంగా జరుగుతుంది, ఏ నిర్ణయమూ ముందుకు రాదు. లెక్కలు రాసే నెమ్మదైన మనిషి, కాదని ముఖం మీద చెప్పే మనిషి, ఈ ఇద్దరూ ఉన్నారో లేదో చూసుకుని తర్వాత మిగతావాళ్ళ సంగతి చూడటం మేలు.

ప్లెయిన్ గుడ్డతో బొంత కుట్టాలనుకునేవారికి కొన్ని మాటలు చెప్పాలి. కొట్లో ముందుగా లేతదీ ముదురుదీ కోయించండి, నచ్చిన రంగు ఆఖరున అడగండి. తానును ట్యూబులైటు కింద చూసి ఒప్పుకోకుండా గుమ్మం బయటికి తెచ్చి ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూడండి. కళ్ళు సగం మూసి చూస్తే రెండు ముక్కలు కలిసిపోతున్నాయా, ఒకటి చాలు, రెండోది తిరిగి ఇచ్చేయండి. ఫోన్లో నలుపు తెలుపు ఫొటో తీసినా ఆ తేడా తెలుస్తుంది. ఎరుపు, మెరూన్, ముదురు నీలం ముక్కలు ఇంటికి రాగానే విడిగా తడిపి, తెల్లగుడ్డతో రుద్దాకే కత్తెర పట్టండి.